దవడ ఎముక తగ్గినవారికి దంత ఇంప్లాంట్లు: మార్గాలు, ఎంపిక

యూనిట్ - 9

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 పన్ను పోతే ఎముక ఎందుకు తగ్గుతుంది?
9.3 ఇంప్లాంట్ నిర్మాణం - దానికి కావలసిన ఎముక
9.4 మిగిలిన ఎముకను అంచనా వేయడం
9.5 మొదటి మార్గం: ఎముకను పెంచడం
9.6 రెండో మార్గం: ఉన్న ఎముకను వాడుకోవడం
9.7 మూడో మార్గం: తక్కువ శస్త్రచికిత్సతో సరిపెట్టుకోవడం
9.8 ఎంపికను ప్రభావితం చేసే అంశాలు
9.9 రెండు ఉదాహరణలు
9.10 సారాంశం
9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు
9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.13 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

- పన్ను ఊడిన తరవాత దవడ ఎముక తగ్గడానికి కారణాలను వివరించగలుగుతారు.
- ఇంప్లాంట్ నిలవడానికి ఎంత ఎముక అవసరమో లెక్కగట్టి చెప్పగలుగుతారు.
- ఎముక తక్కువగా ఉన్నవారికి అందుబాటులో ఉన్న చికిత్సా మార్గాలను పోల్చగలుగుతారు.
- ఒక రోగికి ఏ మార్గం అనువైనదో నిర్ణయించడంలో ఆరోగ్యం, కాలం, ఖర్చు ఎలా పనిచేస్తాయో విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

పదేళ్ళ కిందట దవడ పన్ను తీయించుకున్న వ్యక్తి ఇంప్లాంట్ కోసం దంతవైద్యుని దగ్గరకు వెళ్ళాడనుకుందాం. "మీకు ఎముక లేదండీ, కుదరదు" అని ఒక చోట చెప్పారు. మరో చోట "ఎముక లేకపోయినా ఫరవాలేదు, వారంలో పళ్ళు పెట్టేస్తాం" అన్నారు. ఇలాంటి అనుభవం మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగులోనో ఎవరికో ఒకరికి ఎదురై ఉంటుంది. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. చెప్పకుండా వదిలేసినది మాత్రం అంతకంటే ఎక్కువ ఉంది.

"ఎముక లేదు" అని విన్న వెంటనే అడగవలసిన ప్రశ్నలు మూడు: ఎక్కడ తగ్గింది? ఎంత తగ్గింది? ఎందుకు తగ్గింది? వీటికి జవాబులు తెలిస్తే చికిత్సా మార్గాలు వాటంతట అవే వరసలోకి వస్తాయి. ప్రతి మార్గానికీ ఒక మూల్యం ఉంటుంది. కొన్నిటికి కాలం, కొన్నిటికి డబ్బు, కొన్నిటికి పెద్ద శస్త్రచికిత్స చెల్లించాలి. ఆ మూల్యం ముందే తెలుసుకుని ఒప్పుకున్న రోగికీ, తెలియకుండా ఒప్పుకున్న రోగికీ మధ్య తేడా చాలా ఉంది. ఈ యూనిట్ ఆ తెలివిడి కోసం ఉద్దేశించినది. ఫలానా రోగికి ఫలానా చికిత్స అని నిర్ణయించవలసింది మాత్రం పరీక్షించిన దంతవైద్యులే.

9.2 పన్ను పోతే ఎముక ఎందుకు తగ్గుతుంది?

9.2.1 దంతకూపాస్థి స్వభావం

ఎముక సజీవ కణజాలం. ఆస్టియోక్లాస్ట్ కణాలు పాత ఎముకను కరిగిస్తూ ఉంటే, ఆస్టియోబ్లాస్ట్ కణాలు కొత్త ఎముకను నిర్మిస్తూ ఉంటాయి. పని పడిన చోట ఎముక గట్టిపడుతుంది, పని లేని చోట పలచబడుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించిన సూత్రం సారాంశం ఇదే.

దవడలో రెండు భాగాలను గుర్తించాలి. అడుగున ఉండేది మూలాస్థి. దాని మీద గట్టులా లేచి, పళ్ళ వేళ్ళను పట్టి ఉంచేది దంతకూపాస్థి. పన్ను మొలవడంతో పాటు ఏర్పడే ఈ గట్టు, పన్ను ఉన్నంతకాలమే నిలకడగా ఉంటుంది. పన్నుకూ ఎముకకూ మధ్య పెరియోడాంటల్ లిగమెంట్ అనే సన్నని నారపొర ఉంటుంది. మనం నమిలినప్పుడు పడే ఒత్తిడి ఈ పొర ద్వారానే ఎముకకు చేరుతుంది. పన్ను పోతే పొర పోతుంది. పొర పోతే ఎముకకు అందే ఆ ప్రేరణ ఆగిపోతుంది.

9.2.2 తగ్గుదల వేగం

పన్ను తీసిన గుంటలో మొదట రక్తం గడ్డకడుతుంది. కొన్ని నెలల్లో అక్కడ కొత్త ఎముక నిండుతుంది. అయితే గుంట నిండుతున్న కాలంలోనే గట్టు బయటి గోడ కరిగిపోతూ ఉంటుంది. పెదవి, చెంప వైపు ఉండే ఈ గోడ చాలా పలచన. పైదవడ ముందు భాగంలో చాలామందికి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

పన్ను తీసిన ఆరు నెలల్లో గట్టు వెడల్పు 29 నుంచి 63 శాతం వరకూ, ఎత్తు 11 నుంచి 22 శాతం వరకూ తగ్గుతుందని 2012లో వెలువడిన ఒక పరిశోధనా సమీక్ష తేల్చింది. తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఆ తరవాత వేగం మందగిస్తుంది కాని, పూర్తిగా ఆగదు. పూర్తి పళ్ళసెట్టు వాడేవారిని 25 సంవత్సరాల పాటు గమనించి ఆంట్యె టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కింది దవడ గట్టు పైదవడ గట్టు కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తగ్గింది. కింది సెట్టు వదులైపోయిందని పెద్దవాళ్ళు ఎక్కువగా బాధపడటానికి కారణం ఇక్కడ ఉంది. బోసినోటిలో గడ్డం ముందుకు వచ్చి, బుగ్గలు లోపలికి పోయినట్లు కనిపించడానికి కూడా ఈ తగ్గుదలే ముఖ్య కారణం.

9.2.3 ఇతర కారణాలు

- చిగుళ్ళ వ్యాధి: పన్ను ఇంకా నోట్లో ఉండగానే చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. పన్ను కదిలే సరికి ఎముక చాలావరకు పోయి ఉంటుంది.
- సైనస్ విస్తరణ: పైదవడ వెనక పళ్ళకు మీద సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్ళు పోయిన తరవాత అది కిందికి విస్తరిస్తుంది. ఎముక కింది నుంచి, పై నుంచి కూడా తగ్గుతుంది.
- దెబ్బలు, తిత్తులు, కణితులు, వాటికి చేసిన శస్త్రచికిత్సలు.
- ఏళ్ళ తరబడి వాడిన వదులు పళ్ళసెట్టు కలిగించే ఒత్తిడి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
సూచన: మీ జవాబులను ఒక కాగితం మీద రాసుకుని, యూనిట్ చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.
1. పన్ను తీసిన తరవాత మొదట ఎక్కువగా తగ్గేది గట్టు వెడల్పా, ఎత్తా?
2. పైదవడ వెనక భాగంలో ఎముక రెండు వైపుల నుంచీ ఎందుకు తగ్గుతుంది?

9.3 ఇంప్లాంట్ నిర్మాణం - దానికి కావలసిన ఎముక

స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ళ ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి టైటానియం పరికరాలను అమర్చాడు. ప్రయోగం ముగిశాక వాటిని తీయబోతే రాలేదు. ఎముక టైటానియాన్ని అంటిపెట్టుకుని పెరిగింది. ఈ అతుకునే ఆసియోఇంటిగ్రేషన్ అంటారు. తెలుగులో అస్థిసంధానం అనవచ్చు. 1965లో ఆయన గోస్టా లార్సన్ అనే రోగి దవడలో మొదటిసారి ఇంప్లాంట్లు అమర్చాడు. లార్సన్ 2006లో చనిపోయే వరకు, నలభై ఏళ్ళకు పైగా అవి పనిచేశాయి.

ఇంప్లాంట్‌లో మూడు భాగాలుంటాయి: ఎముకలో బిగించే టైటానియం మర, దాని మీద కూర్చునే అబట్‌మెంట్ అనే కొక్కెం లాంటి భాగం, పైన కనిపించే తొడుగు పన్ను. మర ఎముకతో అతుక్కోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉన్న చోట ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. మర వ్యాసం 4 మి.మీ. అనుకుందాం. దాని రెండు పక్కలా కనీసం 1.5 మి.మీ. చొప్పున ఎముక మిగలాలి.

కావలసిన వెడల్పు = 4 + 1.5 + 1.5 = 7 మి.మీ.

కింది దవడ వెనక భాగంలో ఎముక లోపల ఒక నాడి నడుస్తుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చేది ఇదే. మర చివరకూ ఈ నాడికీ మధ్య సుమారు 2 మి.మీ. దూరం ఉంచాలి. మర పొడవు 10 మి.మీ. అయితే,

కావలసిన ఎత్తు = 10 + 2 = 12 మి.మీ.

ఈ కొలతలకు తగ్గినప్పుడే "ఎముక చాలదు" అంటారు. ఈ లెక్కను గమనిస్తే పరిష్కారాలు ఎక్కడున్నాయో మీకే తోస్తుంది. ఎముకను పెంచవచ్చు, మరను పొట్టిగానో, సన్నగానో చేయవచ్చు, లేదా ఎముక ఉన్న మరో చోటికి మరను మళ్ళించవచ్చు. తరవాతి భాగాల్లో చెప్పే పద్ధతులలో చాలావరకు ఈ మూడు ఆలోచనల నుంచి పుట్టినవే.

9.4 మిగిలిన ఎముకను అంచనా వేయడం

మామూలుగా తీసే పెద్ద ఎక్స్‌రే, అంటే ఓపీజీ, రెండు దవడలనూ ఒకే చిత్రంలో చూపుతుంది. కాని అది బల్లపరుపు చిత్రం. ఎత్తు కొంతవరకు తెలుస్తుంది, వెడల్పు తెలియదు. సీబీసీటీ స్కాన్ దవడను మూడు కొలతల్లో చూపుతుంది. ఎముక తక్కువగా ఉందన్న అనుమానం ఉన్నప్పుడు సీబీసీటీ లేకుండా తుది నిర్ణయానికి రావడం సరికాదు.

9.4.1 పరిమాణం

దంతాలు పోయిన గట్టు ఆకారాన్ని కావుడ్, హావెల్ అనే శాస్త్రవేత్తలు 1988లో ఆరు తరగతులుగా విభజించారు:

- తరగతి 1: పళ్ళు ఉన్న గట్టు
- తరగతి 2: అప్పుడే పన్ను తీసిన గట్టు
- తరగతి 3: గుండ్రంగా మారినా ఎత్తు, వెడల్పు చాలినంత ఉన్న గట్టు
- తరగతి 4: ఎత్తు ఉండి, వెడల్పు తగ్గి కత్తి అంచులా మారిన గట్టు
- తరగతి 5: ఎత్తు, వెడల్పు రెండూ తగ్గి చదునైన గట్టు
- తరగతి 6: మూలాస్థి కూడా తరిగి గుంటపడిన గట్టు

9.4.2 గట్టిదనం

ఎముక ఎంత ఉందన్నదే కాదు, ఎలాంటిదన్నదీ ముఖ్యం. లెక్‌హోమ్, జార్బ్ 1985లో ఎముక గట్టిదనాన్ని నాలుగు రకాలుగా వర్గీకరించారు. మొదటి రకం దాదాపు పూర్తిగా దట్టమైన ఎముక. నాలుగో రకంలో పైపొర పలచగా, లోపలి భాగం బోలుబోలుగా ఉంటుంది. కింది దవడ ముందు భాగం సాధారణంగా గట్టిది, పైదవడ వెనక భాగం మెత్తనిది. టేకు దూలంలో బిగించిన మరకూ, బూరుగు చెక్కలో బిగించిన మరకూ ఉండే తేడాను ఇక్కడ గుర్తుచేసుకోండి.

9.5 మొదటి మార్గం: ఎముకను పెంచడం

9.5.1 పూరక పదార్థాలు

ఎముక తగ్గిన చోట పూరకాన్ని ఉంచితే శరీరం దాన్ని ఆసరాగా చేసుకుని కొత్త ఎముకను నిర్మించుకుంటుంది. దీన్ని బోన్ గ్రాఫ్ట్ అంటారు. పూరకాలు నాలుగు రకాలు:

1. రోగి సొంత ఎముక: గడ్డం నుంచి, కింది దవడ వెనక భాగం నుంచి, ఎక్కువ కావలసి వస్తే తుంటి ఎముక నుంచి తీస్తారు. ఇందులో సజీవ కణాలు ఉంటాయి. అయితే తీసిన చోట మరో గాయం అవుతుంది.
2. మరో మనిషి ఎముక: దాత నుంచి సేకరించి, శుద్ధి చేసి నిల్వ చేసినది.
3. జంతువుల ఎముక: ఎక్కువగా పశువులది. సేంద్రియ పదార్థాన్ని తొలగించి, ఖనిజ భాగాన్ని మాత్రమే వాడతారు.
4. కృత్రిమ పదార్థం: హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వంటివి.

పూరకం మీదికి చిగురు కణాలు చొరబడకుండా ఒక పలచని పొరను కప్పుతారు. ఈ పొరలు చాలావరకు పశువుల నుంచి, పందుల నుంచి తీసిన కొల్లాజెన్‌తో తయారవుతాయి. మన దేశంలో ఆహార నియమాలు, మత విశ్వాసాలు పాటించేవారు ఎందరో ఉన్నారు. కాబట్టి ఏ పదార్థం ఎక్కడిదో రోగికి ముందే చెప్పి సమ్మతి తీసుకోవాలి. రోగి కూడా మొహమాటపడకుండా అడగవచ్చు. కృత్రిమ ప్రత్యామ్నాయాలు ఉన్నాయి.

9.5.2 ముఖ్యమైన పద్ధతులు

*గుంటను కాపాడటం:* పన్ను తీసిన రోజే గుంటలో పూరకం నింపితే తగ్గుదలను పూర్తిగా ఆపలేకపోయినా గణనీయంగా తగ్గించవచ్చు. ఈ యూనిట్‌లో చెప్పిన పద్ధతులన్నిటిలోనూ ఇది చిన్నది. ఇంప్లాంట్ ఆలోచన ఉన్నవారు పన్ను తీయించుకునే ముందే ఈ విషయం మాట్లాడుకోవాలి. పదేళ్ళ తరవాత ఎదురయ్యే కష్టం చాలావరకు ఆ రోజు తీసుకున్న, లేదా తీసుకోని, నిర్ణయం నుంచి మొదలవుతుంది.

*గట్టు వెడల్పు పెంచడం:* తగ్గుదల కొద్దిగా ఉంటే పొడి పూరకం, పైపొర సరిపోతాయి. ఎక్కువగా ఉంటే సొంత ఎముక ముక్కను చిన్న మరలతో బిగిస్తారు. కత్తి అంచులాంటి గట్టును నిలువునా చీల్చి మధ్యలో చోటు కల్పించే పద్ధతి కూడా ఉంది.

*సైనస్ లిఫ్ట్:* పైదవడ వెనక భాగంలో సైనస్ అడుగున ఉన్న సన్నని పొరను మెల్లగా పైకి లేపి, దాని కింద పూరకం నింపుతారు. బోయిన్, జేమ్స్ ఈ శస్త్రచికిత్సను 1980లో ప్రచురించారు. మిగిలిన ఎముక ఎత్తు సుమారు 5 మి.మీ. లేదా అంతకు పైన ఉంటే, మర కోసం చేసిన రంధ్రం గుండానే పొరను లేపవచ్చు. అంతకంటే బాగా తక్కువ ఉంటే చెంప వైపు ఎముకలో చిన్న కిటికీ తెరవాలి. అప్పుడు మరను చాలాసార్లు కొన్ని నెలల తరవాతే వేస్తారు. పొర చిరగడం ఈ శస్త్రచికిత్సలో తరచుగా ఎదురయ్యే చిక్కు.

*నిలువు ఎత్తు పెంచడం:* కింది దవడ వెనక భాగంలో ఎత్తు పెంచడం అన్నిటికంటే కష్టం. పూరకం బయటపడటం, చీము పట్టడం, వేసినదాంట్లో కొంత కరిగిపోవడం వంటి ఇబ్బందులు ఇక్కడ ఎక్కువ.

ఎముక పెంచే పద్ధతులలో పూరకం కుదురుకోవడానికే సాధారణంగా నాలుగు నుంచి తొమ్మిది నెలలు కావాలి. ఆపై మర అతుక్కునే కాలం అదనం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
3. మర వ్యాసం 3.5 మి.మీ. అయితే గట్టు వెడల్పు కనీసం ఎంత ఉండాలి?
4. సొంత ఎముకను పూరకంగా వాడటంలో ఒక లాభం, ఒక నష్టం రాయండి.

9.6 రెండో మార్గం: ఉన్న ఎముకను వాడుకోవడం

9.6.1 పొట్టి, సన్నని ఇంప్లాంట్లు

ఒకప్పుడు మర ఎంత పొడవుంటే అంత మంచిదని భావించేవారు. మర ఉపరితలాన్ని గరుకుగా చేసే పద్ధతులు మెరుగుపడిన తరవాత 6 మి.మీ. పొడవున్న మరలు కూడా ఉపయోగంలోకి వచ్చాయి. పైన వేసిన లెక్క ప్రకారం 6 మి.మీ. మరకు నాడి పైన 8 మి.మీ. ఎముక చాలు. ఎత్తు పెంచే కష్టమైన శస్త్రచికిత్స తప్పుతుంది. ఒకే మర మీద భారం ఎక్కువ కాకుండా పక్కపక్క మరలను కలిపి తొడుగులు వేయడం పరిపాటి. సన్నని మరలు వెడల్పు తగ్గిన చోట పనికివస్తాయి. కాని దవడ పళ్ళ దగ్గర నమిలే బలం ఎక్కువ కాబట్టి అక్కడ జాగ్రత్త అవసరం.

9.6.2 వాలు ఇంప్లాంట్లు: ఆల్-ఆన్-ఫోర్

పోర్చుగల్ దంతవైద్యుడు పాలో మాలో, సహచరులు 2003లో కింది దవడకు, 2005లో పైదవడకు ఈ పద్ధతి ఫలితాలను ప్రచురించారు. పళ్ళు పూర్తిగా పోయిన దవడలో ముందు వైపు రెండు మరలను నిటారుగా, వెనక రెండింటిని 45 డిగ్రీల వరకు వాల్చి వేస్తారు. కింద నాడిని, పైన సైనస్‌ను తప్పించుకోవడానికే ఈ వాలు. నాలుగు మరల మీద మొత్తం పళ్ళ వరసను బిగిస్తారు. అనుకూలంగా ఉంటే అదే రోజు తాత్కాలిక పళ్ళు పెడతారు. శాశ్వత పళ్ళు కొన్ని నెలల తరవాత వస్తాయి.

దీని పరిమితులు గమనించాలి. నాలుగింటిలో ఒక్కటి విఫలమైనా మొత్తం వరస ప్రమాదంలో పడవచ్చు. పళ్ళు పూర్తిగా పోయినవారికి, లేదా మిగిలిన పళ్ళు కాపాడలేని స్థితిలో ఉన్నవారికి ఇది ఉద్దేశించినది. చికిత్స సులువవుతుందని మంచి పళ్ళను తీసేయమనే సలహా ఎదురైతే, మరో వైద్యుని అభిప్రాయం తప్పక తీసుకోవాలి.

9.6.3 చెంప ఎముక ఇంప్లాంట్లు

పైదవడ ఎముక దాదాపు పూర్తిగా పోయినవారికి 30 మి.మీ. నుంచి 50 మి.మీ.కి పైగా పొడవున్న మరలను చెంప ఎముకలోకి బిగిస్తారు. వీటిని జైగోమాటిక్ ఇంప్లాంట్లు అంటారు. బ్రోనెమార్కే వీటికీ ఆద్యుడు. కణితి తొలగించడంతో పైదవడ కోల్పోయినవారికి ఇవి ఎంతో మేలు చేశాయి. అయితే మర సైనస్ పక్కగా, కంటి గూటికి దగ్గరగా వెళుతుంది. సైనస్ వాపు రావచ్చు. ప్రత్యేక శిక్షణ పొందిన శస్త్రవైద్యులే చేయవలసిన చికిత్స ఇది.

9.6.4 ఇతర రకాలు

ఎముక లోపల కాకుండా, ఎముక మీద చిగురు కింద కూర్చునే లోహపు చట్రాలు 1940ల్లోనే వచ్చాయి. తరవాత వెనకబడ్డాయి. స్కాన్ ఆధారంగా రోగికి సరిపడేలా ముద్రించే సాంకేతికతతో ఇప్పుడు మళ్ళీ వాడుకలోకి వస్తున్నాయి. మూలాస్థిలో బిగించి కొద్ది రోజుల్లోనే పళ్ళు పెట్టే ఒకే ముక్క ఇంప్లాంట్లకు మన నగరాల్లో ప్రచారం బాగా ఉంది. మామూలు ఇంప్లాంట్ల విషయంలో ఉన్నన్ని దీర్ఘకాల ఫలితాలు వీటి విషయంలో ఇంకా లేవు. ఈ తేడా రోగికి తెలియాలి.

9.7 మూడో మార్గం: తక్కువ శస్త్రచికిత్సతో సరిపెట్టుకోవడం

కింది దవడ ఎంత అరిగినా, గడ్డం భాగంలో చాలామందికి రెండు మరలకు సరిపడా ఎముక మిగిలే ఉంటుంది. అక్కడ నాడి ఇబ్బంది కూడా తక్కువ. ఆ రెండు మరల మీద గుండీల్లాంటి పట్టీలు అమర్చి, తీసి పెట్టుకునే పళ్ళసెట్టును వాటికి తగిలిస్తారు. దీన్ని ఓవర్‌డెంచర్ అంటారు. కింది దవడలో పళ్ళన్నీ పోయినవారికి మొదటగా సూచించవలసిన చికిత్స ఇదేనని 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు. రాత్రి తీసి కడుక్కోవడం వీలవుతుంది కాబట్టి, చేతుల్లో పట్టు తగ్గిన వృద్ధులకు కూడా ఇది అనువైనది.

ఒకటి రెండు పళ్ళు మాత్రమే పోయినప్పుడు పక్క పళ్ళ ఆధారంతో బ్రిడ్జి వేయవచ్చు. ఇందుకు పక్క పళ్ళను అరగదీయవలసి వస్తుంది. ఆ పళ్ళకు ఎలాగూ తొడుగులు అవసరమైతే ఇది మంచి ఎంపికే. చక్కగా కొలతలు తీసి చేసిన మామూలు కట్టుడు పళ్ళు కూడా గౌరవనీయమైన చికిత్సే. ఇంప్లాంట్ వేయించుకోలేకపోవడం వైఫల్యం కాదు.

పట్టిక 9.1: మార్గాల పోలిక

| మార్గం | అనువైన సందర్భం | చెల్లించే మూల్యం |
|---|---|---|
| గుంటను కాపాడటం | పన్ను తీసే రోజు | కొద్దిపాటి అదనపు ఖర్చు |
| గ్రాఫ్ట్, సైనస్ లిఫ్ట్ | ఒకటి రెండు చోట్ల తగ్గుదల | నెలల కాలం, అదనపు శస్త్రచికిత్స |
| పొట్టి ఇంప్లాంట్లు | ఎత్తు తగ్గి, వెడల్పు ఉన్న చోట | మర చుట్టూ కొద్ది ఎముక పోయినా నష్టం ఎక్కువ |
| ఆల్-ఆన్-ఫోర్ | పళ్ళన్నీ పోయిన దవడ | ఖర్చు. ఒక మర పోతే వరసకే ముప్పు |
| చెంప ఎముక ఇంప్లాంట్లు | పైదవడ తీవ్రంగా తరిగినప్పుడు | పెద్ద శస్త్రచికిత్స, సైనస్ సమస్యలు |
| ఓవర్‌డెంచర్ | పళ్ళన్నీ పోయిన కింది దవడ | పట్టీలు అప్పుడప్పుడు మార్చాలి |

9.8 ఎంపికను ప్రభావితం చేసే అంశాలు

*వయసు:* "మా నాన్నగారికి డెబ్బై ఏళ్ళు, ఇంప్లాంట్ వేయించవచ్చా?" అని విద్యార్థులు నన్ను తరచు అడిగేవారు. వయసు ఒక్కటే అడ్డంకి కాదు. ఆరోగ్యం అదుపులో ఉండటం ముఖ్యం. దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు మాత్రం సాధారణంగా ఇంప్లాంట్ వేయరు.

*మధుమేహం:* అదుపులో ఉంటే ఇంప్లాంట్ వేయవచ్చు. అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చూసిన తరవాతే ముందుకు వెళ్ళాలి.

*పొగాకు, గుట్కా:* పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు, గ్రాఫ్ట్‌లు విఫలమయ్యే అవకాశం ఎక్కువ. వక్క, గుట్కా నమిలేవారిలో నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. అప్పుడు వెనక భాగంలో పనిముట్టు పెట్టడమే కష్టమవుతుంది.

*మందులు:* ఎముకల బలహీనతకు, ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు వాడే బిస్‌ఫాస్ఫొనేట్ మందుల వల్ల కొందరిలో దవడ ఎముక కుళ్ళిపోతుందని 2003 నుంచి వైద్యలోకం గుర్తించింది. డెనోసుమాబ్ మందుతోనూ ఈ ప్రమాదం ఉంది. ఈ మందులు వాడుతున్న సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పాలి. సొంతంగా మాత్రం మందు ఆపకూడదు. దవడకు రేడియేషన్ చికిత్స పొందినవారి విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం.

*శుభ్రత:* ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు. కాని చుట్టూ ఉన్న చిగురు వాచి ఎముక మళ్ళీ తరిగిపోవచ్చు. దీన్ని పెరిఇంప్లాంటైటిస్ అంటారు. చిగుళ్ళ వ్యాధితో పళ్ళు పోగొట్టుకున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. మొదట ఆ వ్యాధిని నయం చేసుకోవాలి. ఎముక ఎందుకు తగ్గిందని అడగడం అందుకే ముఖ్యం.

*ఖర్చు:* మొదటి రోజు చెప్పే ధర తరచుగా మర ఒక్కదానిదే. స్కాన్, గ్రాఫ్ట్, పైపొర, తొడుగు, తరవాతి పరీక్షలు కలిపి మొత్తం ఎంతవుతుందో రాతపూర్వకంగా అడగాలి. హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో నిపుణుల సలహా తీసుకోవచ్చు.

9.9 రెండు ఉదాహరణలు

కింది ఉదాహరణలు అభ్యాసం కోసం ఊహించినవి.

*ఉదాహరణ 1:* 45 ఏళ్ళ ఉపాధ్యాయుడు. పైదవడ కుడివైపు దవడ పన్ను ఒకటి పన్నెండేళ్ళ కిందట పోయింది. స్కాన్‌లో గట్టు వెడల్పు 8 మి.మీ., సైనస్ కింద ఎత్తు 3 మి.మీ. పక్క పళ్ళు దృఢంగా ఉన్నాయి. పొగాకు అలవాటు లేదు.

విశ్లేషణ: వెడల్పు చాలినంత ఉంది, తగ్గింది ఎత్తు ఒక్కటే. 3 మి.మీ. ఎత్తు పొట్టి మరకు కూడా చాలదు. మంచి పళ్ళను అరగదీసి బ్రిడ్జి వేయడం ఆయనకు ఇష్టం లేకపోతే, పక్క కిటికీ ద్వారా సైనస్ లిఫ్ట్ చేసి, తరవాత మర వేయడం సరైన మార్గం. దాదాపు ఏడాది కాలానికి ఆయన సిద్ధపడాలి.

*ఉదాహరణ 2:* 72 ఏళ్ళ గృహిణి. ఇరవై ఏళ్ళుగా పూర్తి పళ్ళసెట్టు వాడుతున్నారు. పై సెట్టు బాగానే ఉంది, కిందిది తింటుంటే లేచిపోతోంది. మధుమేహం అదుపులో ఉంది. కింది దవడ గట్టు వెనక భాగంలో చదునైపోయింది, గడ్డం దగ్గర 14 మి.మీ. ఎత్తు, చాలినంత వెడల్పు ఉన్నాయి.

విశ్లేషణ: వెనక భాగంలో ఎముక పెంచే ప్రయత్నం ఈమెకు భారం. గడ్డం భాగంలో రెండు మరలు వేసి, ఓవర్‌డెంచర్ ఇస్తే ఆమె అసలు బాధ తీరుతుంది. "ఎముక లేదు" అన్న మాట ఈమె విషయంలో దవడ వెనక భాగానికే వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 3
5. ఆల్-ఆన్-ఫోర్ పద్ధతిలో వెనక మరలను ఎందుకు వాలుస్తారు?
6. ఉదాహరణ 1లోని వ్యక్తికి ఎత్తు 3 మి.మీ. బదులు 7 మి.మీ. ఉంటే ఏ మార్గాలు తెరుచుకుంటాయి?

9.10 సారాంశం

దంతకూపాస్థి పన్నును ఆశ్రయించి ఉంటుంది. పన్ను పోయిన మొదటి నెలల్లోనే అది వేగంగా తగ్గుతుంది. కాబట్టి పన్ను తీసే ముందే తరవాతి సంగతి ఆలోచించాలి. ఎముక తగ్గినవారికి మూడు మార్గాలున్నాయి: ఎముకను పెంచడం, ఉన్న ఎముకకు తగిన ఇంప్లాంట్‌ను ఎంచుకోవడం, తక్కువ ఇంప్లాంట్లతోనో అవి లేకుండానో సరిపెట్టుకోవడం. ఏ మార్గమైనా సీబీసీటీ కొలతలు, రోగి ఆరోగ్యం, అలవాట్లు, కాలం, ఖర్చు చూసి నిర్ణయించాలి. పెద్ద శస్త్రచికిత్సే మంచి చికిత్స అనుకోనవసరం లేదు. రోగి అవసరం తీర్చి, అతను శుభ్రంగా ఉంచుకోగలిగి, ఏళ్ళ తరబడి నిలిచేదే అతనికి సరైన చికిత్స.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు

1. వెడల్పు.
2. కింది నుంచి గట్టు కరుగుతుంది, పై నుంచి సైనస్ విస్తరిస్తుంది.
3. 3.5 + 1.5 + 1.5 = 6.5 మి.మీ.
4. లాభం: సజీవ కణాలుంటాయి. నష్టం: తీసిన చోట మరో గాయం అవుతుంది.
5. కింద నాడిని, పైన సైనస్‌ను తప్పించి, ఎముక ఉన్న చోట బిగించడానికి.
6. 6 మి.మీ. పొట్టి మరను నేరుగా వేయవచ్చు, లేదా మర రంధ్రం గుండానే సైనస్ పొరను లేపి కొంత పొడవైన మర వేయవచ్చు.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. పన్ను పోయిన తరవాత దవడ ఎముక తగ్గే క్రమాన్ని, కారణాలను వివరించండి.
2. ఎముక తగ్గినవారికి ఉన్న చికిత్సా మార్గాలను సోదాహరణంగా పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. అస్థిసంధానం
2. సైనస్ లిఫ్ట్
3. పూరక పదార్థాల విషయంలో రోగి సమ్మతి ప్రాధాన్యం
4. మీ కుటుంబంలో పళ్ళు పోయిన ఒకరితో మాట్లాడి, వారు దంతవైద్యుని అడగవలసిన ప్రశ్నల జాబితా తయారుచేయండి.

9.13 పదకోశం

అస్థిసంధానం: టైటానియం మర ఎముకతో నేరుగా అతుక్కోవడం
ఓవర్‌డెంచర్: ఇంప్లాంట్లకు తగిలించి, తీసి పెట్టుకునే పళ్ళసెట్టు
గ్రాఫ్ట్: ఎముక తగ్గిన చోట ఉంచే పూరకం
దంతకూపాస్థి: పళ్ళ వేళ్ళను పట్టి ఉంచే ఎముక గట్టు
మూలాస్థి: దంతకూపాస్థికి అడుగున ఉండే దవడ ఎముక
సీబీసీటీ: దవడను మూడు కొలతల్లో చూపే స్కాన్
సైనస్: పైదవడ వెనక పళ్ళ మీద ఉండే గాలి గది